కూలడం చేతకాని ఇల్లు

"తలుపు కొట్టి రావాలని తెలీదామ్మా?" అన్నాడు ఆఫీసరు, తల ఎత్తకుండానే.

ఆమె వెనక్కి వెళ్ళి, బార్లా తెరిచే ఉన్న తలుపుని వేలి కణుపులతో కొట్టి మళ్ళీ లోపలికి వచ్చింది. చంకలో ఉన్న పసిదానికి ఆ చప్పుడు నచ్చినట్టుంది, అదీ పిడికిలి బిగించి గాలిని రెండు దెబ్బలు కొట్టింది.

ఆమెని రేకుల వరసలో అందరూ 'కోడలు' అనే పిలుస్తారు. ముడితాత కోడలు కాబట్టి. ముడితాతని అలా ఎందుకంటారో తర్వాత చెప్తాను. ముందు ఈ ఆఫీసరు సంగతి చూడాలి.

ఆఫీసు చల్లగా ఉంది. గోడకి ఒక బొమ్మ అంటించారు. భూగోళం మొహం వేలాడేసుకుని, నోట్లో థర్మామీటరు పెట్టుకుని కూర్చుంది. దాని పక్కన ఇంకో బొమ్మ, ఊరి చివర కడుతున్న కొత్త గదులది. తెల్లటి గోడలు, ప్రతి గదికీ కిటికీ, ప్రతి కిటికీకీ ఒక పూలకుండీ. నదులూ సముద్రాలూ తరిమేస్తే వచ్చిన జనానికి ఇవ్వడానికని కట్టిన గదులవి. కోడలు చూపు ఆ కిటికీల మీదే ఉంది.

"మీ ఇల్లు నదిలో కొట్టుకుపోయిందా?" అనడిగాడు ఆఫీసరు.

"లేదు సార్. పోకముందే విప్పేసుకున్నాం."

"విప్పేసుకోవడం ఏంటి?"

"విప్పుకోవడమే సార్. మావి తాళ్ళతో కట్టుకునే ఇళ్ళు. ఒడ్డు కోసుకుపోతుంటే ముందే విప్పేసి, కాస్త వెనక్కి జరిగి మళ్ళీ కట్టుకుంటాం. మా మామయ్య వాళ్ళ తాతల నుంచీ అంతే."

"అంటే నది వచ్చేసరికి అక్కడ ఇల్లు లేదు."

"లేదు. పడవలో ఉంది."

"అయితే ఇంటికి నష్టం జరగలేదు."

"ఇంటికి జరగలేదు సార్. ఇల్లు కట్టుకునే నేలే పోయింది. వెనక్కి జరగడానికి వెనక ఏమీ మిగల్లేదు."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, నాలుగు తిట్టి బయటపడొచ్చు. మర్యాదస్తుడు. పసిదాన్ని చూసి నవ్వాడు కూడా. నవ్వుతూనే చెప్పాడు. "చూడమ్మా, ఇల్లు కూలినవాళ్ళకీ, కొట్టుకుపోయినవాళ్ళకీ గదులిస్తున్నాం. మీరు ఇల్లు ఉండగానే, ఇంటితో సహా బయల్దేరారు. మా లెక్కలో మీరు స్వచ్ఛందంగా తరలివచ్చినవాళ్ళు."

"స్వచ్ఛందంగా అంటే?"

"మీ ఇష్టపూర్వకంగా."

కోడలు ఇక ఆగలేదు. "ఎవరి ఇష్టం సార్? మంచం కింద నేల నెర్రెలిచ్చి నీళ్ళు కనిపిస్తుంటే లేచి పరిగెత్తడం ఇష్టమా? ఇల్లు తగలబడుతుంటే బయటికొచ్చినవాణ్ణి షికారుకి బయల్దేరావా అనడుగుతారా మీరు?"

"కోప్పడకమ్మా. రూలు నేను పెట్టలేదు."

"నది మేం పెట్టలేదు కదా సార్!"

ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ పెట్టుకోవడంలోనే ఇక వెళ్ళొచ్చన్న అర్థం ఉంది. 

గేటు దగ్గర కాపలావాడు పసిదానికి బల్ల మీద చోటిచ్చి, సీసాలో నీళ్ళు కోడలి చేతికిచ్చాడు. అతనూ ఇక్కడివాడు కాదు. వానలు మొహం చాటేసిన మెట్ట నుంచి వచ్చాడు.

"మీకు నీళ్ళు ఎక్కువై వచ్చారు, నేను నీళ్ళు లేక వచ్చాను. ఇద్దరినీ ఒకేలా పంపించేశాడు చూడు, అంత సమానంగా చూస్తాడు మా సారు," అన్నాడు. "మా ఇల్లు ఇప్పటికీ రాయిలా నిలబడే ఉంది చెల్లెమ్మా. ఎండిపోయింది బావి. బావి కూలిందా అనడిగారు. ఎండిపోయిన బావి కూలుతుందా? అది కూడా మొండిగా నిలబడే ఉంది. అందుకని నాదీ ఇష్టమే."

"మరి ఎవరికిస్తున్నారయ్యా ఈ గదులు?"

"కూలినవాళ్ళకి. ఇదిగో ఈ గేటు ఎదురుగానే టీ కొట్టుండేది. దారికి అడ్డమని ఆఫీసువాళ్ళే యంత్రం తెచ్చి కూల్చారు. ఆ కొట్టులోనే కాపురముండేవాడు టీవాడు. కూల్చినట్టు కాగితం ఇచ్చారు, ఆ కాగితం చూపిస్తే గదిచ్చారు. పడగొట్టిందీ వీళ్ళే, జాలిపడిందీ వీళ్ళే. ఇప్పుడు రెండో అంతస్తులో కూర్చుని టీ తాగుతున్నాడు, అమ్మడం మానేసి."

కోడలు నవ్వలేదు. ఆ మాట మాత్రం చెవిలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

రేకుల వరస అంటే సామాన్ల గోదాము వెనక, గోడకి ఆనించి నిలబెట్టిన గదులు. గోడలూ రేకే, కప్పూ రేకే. పొద్దెక్కేకొద్దీ రేకులు టిక్కుటిక్కుమంటాయి, ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు. మధ్యాహ్నానికి గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కిందటి వారం పసిది ఆడుతూ ఆడుతూ వాలిపోయింది. కళ్ళు తేలేసింది. తడిగుడ్డ చుట్టి ఆసుపత్రికి పరిగెత్తితే, డాక్టరమ్మ సెలైను పెట్టి, "ఎండదెబ్బ. చల్లటి చోట ఉంచండి. మళ్ళీ ఇలా వస్తే తట్టుకోలేదు," అంది. ఆ చల్లటి చోటు ఏ దుకాణంలో దొరుకుతుందో కూడా మందుల చీటీ మీదే రాసిచ్చి ఉంటే బాగుండేది.

అందుకే కోడలికి గది కావాలి. పూలకుండీ అక్కర్లేదు. కిటికీ ఉండి, సిమెంటు కప్పు ఉండి, మధ్యాహ్నం పిల్ల ఊపిరి పీల్చుకోగలిగితే చాలు.

ఆ రేకు గదిలో మనుషులకంటే ఇల్లే ఎక్కువ చోటు తీసుకుంది. ఒక గోడ పొడవునా దూలం. దాని మీద వాసాలు, పక్కన రాటలు, చుట్టచుట్టిన తడికలు, కొక్కేనికి తాళ్ళ కట్టలు. వీటన్నిటికీ కాపలా ఉన్నట్టు తలవైపు నిలబెట్టిన తలుపూ ద్వారబంధమూ. ఆ తలుపు ముడితాత వాళ్ళ నాన్న చెక్కింది. ఎన్ని ఒడ్లు మారిందో ఆయనకే గుర్తులేదు. పిల్ల పాకుతూ వెళ్ళి ఎప్పుడూ ఆ తలుపు పట్టుకునే నిలబడుతుంది. ఇంట్లో ఇల్లు పెట్టుకుని కాపురం చేస్తున్నవాళ్ళు బహుశా ఆ వరస మొత్తానికీ వీళ్ళొక్కరే.

ముడితాత అనడానికి కారణం ఆ తాళ్ళే. ఆయన ముడి వేస్తే ఏనుగు లాగినా కదలదు, కానీ తోక పట్టుకుని ఒక్క లాగు లాగితే సర్రున విడిపోతుంది. జారుముడి అంటారు. నది ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ వచ్చు గానీ, ఆయన వేసే ముడి వేరు. ఒడ్డున ఎవరిల్లు కట్టాలన్నా ఆయన రావాలి, ఎవరిల్లు విప్పాలన్నా ఆయన రావాలి. "కట్టడం ఎవడైనా కడతాడురా, విప్పడం వచ్చినవాడే ఇల్లు కట్టాలి," అని కుర్రాళ్ళని కసురుకునేవాడు.

పూర్వం నది చెప్పి వచ్చేదట. ఒడ్డు మీద పగుళ్ళు కనిపించేవి, ఇంటి వెనక చేను తడిసేది, మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉండేది. ఒక మనిషి జీవితంలో ఒకసారో రెండుసార్లో ఇల్లు జరిపేవాడు. ఇప్పుడు ఎక్కడో కొండల మీద మంచు కరుగుతుందట, సముద్రం వేడెక్కుతుందట, ఏడాది పొడుగునా పడాల్సిన వాన ఒక్క వారంలో కుమ్మరిస్తుందట. నదికి మర్యాద పోయింది. ఏటా ఇల్లు విప్పడమే పని. చివరికి ఒక ఉదయాన వెనక్కి తిరిగి చూస్తే అటు కూడా నీళ్ళే. ముడితాత ఒక్కొక్క ముడి తోకా లాగుతూ పోయాడు. కొడుకు వాసాలు అందుకున్నాడు, కోడలు తలుపు మోసింది. పడవ ఒడ్డు వదిలాక, వాళ్ళ పొయ్యి ఉన్న చోటు దభీమని నీళ్ళలో పడటం అందరూ చూశారు. పిల్ల ఇంకా కడుపులోనే ఉంది.

"మీరు ఆ రోజు కాస్త బద్ధకిస్తే ఏం పోయేది మామయ్యా?" అంది కోడలు, ఇంట్లో అడుగు పెడుతూనే.

ముడితాత తాడు పేనుతున్నాడు. చేతులు ఊరికే ఉండలేవు ఆయనకి. "ఏమైందమ్మా?"

"ఏమవుతుంది? ఇల్లు కూలలేదట. మనం ఇష్టపడి వచ్చామట. మీరు అంత పొద్దున్నే లేచి, అంత నేర్పుగా విప్పి, ఒక్క పుల్ల కూడా పోకుండా పడవెక్కించారు కదా, దానికి బహుమానం ఇది!"

"పడిపోతున్న ఇంటిని చూస్తూ కూర్చోమంటావా?"

"చూస్తూ కూర్చున్నవాళ్ళకే గదులు! పిన్ని చూస్తూ కూర్చుంది. పిన్నికి మూడో అంతస్తు!"

కొడుకు గోదాములో బస్తాలు మోసి అప్పుడే వచ్చి, గుమ్మంలో కూర్చుని మెడ తుడుచుకుంటున్నాడు. "కాస్త మెల్లగా అరవండి ఇద్దరూ. అసలే రేకులు కాలుతున్నాయి," అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి," అంది కోడలు. "జోకులెయ్యడానికొక్కటే నోరు తెరుస్తావు నువ్వు."

అతను నోరు మూసుకున్నాడు. ముడితాత పేనడం ఆపి, తాడు కొస వేళ్ళ మధ్య తిప్పాడు. ఆయనకి కోపం రాలేదు. అదే కోడలికి ఇంకా కోపం తెప్పించింది.

పిన్ని అంటే నిజం పిన్ని కాదు, ఒడ్డు వరసకి పిన్ని. అప్పట్లో వీళ్ళ పక్కిల్లే. మాటకీ తిండికీ నిద్రకీ దేనికీ తొందరలేని మనిషి. ఆ సాయంత్రం ఆవిడే వచ్చింది, కొత్త గది నుంచి కొత్త చీరలో, పిల్లకి అరటిపండు పట్టుకుని.

"మీ మామ ఎన్నిసార్లు తిట్టాడే నన్ను! 'లేవవే బద్ధకస్తురాలా, ఒడ్డు తెగుతోంది, ఇల్లు విప్పించుకో' అని. వంటయ్యాక విప్పుకుందాంలే అన్నాను. వంట కాకముందే ఇల్లు పోయింది, అన్నం గిన్నెతో సహా. ఇప్పుడు చూడు, నా బద్ధకమే నన్ను మేడెక్కించింది," అంది. అని, కోడలి మొహం చూసి గొంతు తగ్గించింది. "నవ్వుతూ చెప్తున్నానని నాకు సంతోషమనుకోకు. ఫోటోలవాళ్ళు వచ్చారు మొన్న. 'ఇల్లు పోయినప్పుడు ఎలా ఏడ్చావో మళ్ళీ ఏడువమ్మా' అన్నారు. అప్పుడు ఏడవలేదు బాబూ, పరిగెత్తాను అన్నాను. సరే ఇప్పుడేడువు అన్నారు. ఏడ్చాను. ఏం చెయ్యను? పిల్లని పగలు నా దగ్గర వదిలి వెళ్ళు."

"మీ గదిలోకి బయటివాళ్ళు రాకూడదని గుమ్మంలోనే బోర్డు పెట్టారు కదా పిన్నీ."

"పెట్టారు," అంది పిన్ని. అరటిపండు ఒలిచి పిల్లకి పెట్టింది.

కోడలు పనిచేసేది పెద్ద హోటళ్ళ బట్టలుతికే లాండ్రీలో. తడి దుప్పట్లు కాలే రోలరు కిందికి తోసి, అవతలివైపు నుంచి ఫెళఫెళలాడుతుంటే మడతపెట్టాలి. ఆవిరికి కళ్ళు మండుతాయి. మర్నాడు ఒక్కొక్క దుప్పటి తోస్తున్నప్పుడల్లా ఆమెకి ఒకటే ఆలోచన. ఈ దుప్పటి ఈ సాయంత్రం చల్లటి గదిలో పడుకోబోతోంది. గుడ్డకి దొరికే చోటు నా పిల్లకి దొరకదు. ఆ గదులని చల్లబరిచే మిషన్లు బయటికి కక్కే వేడి ఎక్కడికి పోతుంది? మా రేకుల మీదికి. మా కొండల మీది మంచు మీదికి. మేం ఏం కాల్చాం? పొయ్యిలో నాలుగు పుల్లలు తప్ప మేం కాల్చిందేముంది? భూమికి జ్వరమట, నోట్లో థర్మామీటరు పెట్టారు. దుప్పటి కూడా కప్పుతారేమో!

దుప్పటి అంచు రోలరులో ముడుచుకుంది. సూపర్‌వైజరు అరిచాడు. ఆమె వినలేదు. టీ కొట్టు గుర్తొచ్చింది. కూల్చినట్టు కాగితం. కాగితం చూపిస్తే గది.

ఇంటికి రాగానే మామగారి ఎదురుగా కూర్చుంది. "మామయ్యా, మన ఇల్లు కట్టాలి."

ముడితాత మొహం వెలిగింది. "ఎక్కడమ్మా? నేల దొరికిందా?"

"ఆఫీసు గేటు ముందు. ఆఫీసరు కారు వెళ్ళే దారికి సరిగ్గా అడ్డంగా."

"అక్కడ ఉండనిస్తారా?"

"ఉండనివ్వరు. కూల్చేస్తారు. కూల్చాలనే కట్టేది. కూలిన ఇల్లుంటే గదిస్తారట కదా, వాళ్ళ చేత్తోనే కూల్పించి చూపిద్దాం."

పెద్దాయన తలుపు వైపు చూశాడు. దాన్ని పట్టుకుని నిలబడ్డ మనవరాలి మెడ నిండా చెమటకాయలు పేలి ఎర్రగా ఉన్నాయి. "నా చేత కూలడానికి ఇల్లు కట్టిస్తావా అమ్మాయ్?" అన్నాడు చివరికి.

"మీ మనవరాలి కోసం."

"తలుపు కూడానా?"

"తలుపు లేకపోతే ఇల్లంటారా మామయ్యా? పాక అంటారు."

ఆయన తల ఊపాడు. కోడలు ఇంకో మాట కూడా చెప్పింది. "జారుముళ్ళు వెయ్యకండి. మొండిముళ్ళు వెయ్యండి. విడిపోకూడదు. పట్టుకుని వేలాడాలి, విరగాలి. ఫెళ్ళున విరిగితేనే వాళ్ళకి కూలినట్టు."

"సరేనమ్మా. మొండిముళ్ళే," అన్నాడు ముడితాత.

సెలవు రోజు పోయిన మర్నాడు, ఆఫీసు తెరవకముందే ఇల్లు లేచింది. రేకుల వరసలో ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళంతా వచ్చారు, మేడ మీది పిన్ని కూడా వచ్చింది. ఇల్లు కట్టడం అంటే వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది, కూలడానికే అని తెలిసినా. కొడుకు రాటలు నాటాడు. నలుగురు దూలం ఎత్తారు. ముడితాత వాసాల మీద కోతిలా ఎక్కి కూర్చుని, నోట్లో తాడు కరుచుకుని, చేతులు కనిపించనంత వేగంగా ముళ్ళు వేసుకుంటూ పోయాడు. నడుం నొప్పని రోజూ మూలిగే మనిషేనా అనిపించింది. కాపలావాడు ఆపాల్సినవాడే. "నేను టీకి వెళ్ళాను. టీ కొట్టు కూల్చేశారు కదా, అందుకే చాలా దూరం వెళ్ళాల్సి వచ్చింది," అని ఎవరూ అడగకుండానే చెప్పి, గేటు వెనక్కి తప్పుకున్నాడు.

ఆఫీసరు కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఆయన దిగి చూశాడు. తలుపు, గడప, తడికలు, కప్పు, గుమ్మంలో పిల్ల. మర్యాదగానే అన్నాడు. "తీసెయ్యండమ్మా. ఇది దారి."

"మేం తియ్యం సార్. మీరే కూల్చండి."

ఆయనకి అర్థమైందో లేదో, ఫోను తీశాడు. పొద్దు నడినెత్తికి రాకముందే పచ్చరంగు యంత్రం వచ్చింది, ఇనుప చెయ్యి ఊపుకుంటూ. దాన్ని నడిపేవాడు కిందకి వంగి, "లోపల ఎవరూ లేరు కదా?" అనడిగాడు. కోడలు పిల్లని పిన్నికి ఇచ్చింది. "ఎవరూ లేరు. కొట్టు," అంది.

ఇనుప చెయ్యి పైకి లేచింది. అప్పుడు చూసింది ఆమె, మామగారు మెల్లగా ఇంటివైపు నడుస్తున్నాడు. కళ్ళు యంత్రం మీద ఉన్నాయి గానీ కుడిచెయ్యి తనంతట తాను మూలరాట ముడి కోసం తడుముతోంది. ఆమె పరిగెత్తి మణికట్టు పట్టుకుంది.

"వద్దు మామయ్యా. ఈ ఒక్కసారి పడనివ్వండి."

ఆ చెయ్యి ఆమె చేతిలో చేపలా కొట్టుకుంది. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. పెద్దవాడి చెయ్యి అలా పట్టుకోవాల్సి వచ్చినందుకు, పట్టుకునేలా చేసినవాళ్ళందరినీ మనసులో నోటికొచ్చిన తిట్లు తిట్టింది.

యంత్రం దూలాన్ని నెట్టింది.

అందరూ ఫెళఫెళ కోసం చూశారు. ఫెళఫెళ రాలేదు. సర్రుమని ఒక చప్పుడు. తర్వాత ఇంకోటి. ఒక ముడి తోక లాగుకుని, అది పక్క ముడి తోకని లాగి, వరసగా తాళ్ళన్నీ జారిపోయాయి. కప్పు ముందుకి వంగి తడికల మీద వాలింది. రాటలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. పగలంతా బస్తాలు మోసినవాడు చాప మీదికి ఒరిగినట్టు ఇల్లు నెమ్మదిగా నేల మీద పడుకుంది. చివరికి ద్వారబంధం వెల్లకిలా పడింది, తలుపు మూసుకుని.

పిన్ని పకపకా నవ్వింది, నవ్వి వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కోడలు మామగారి చెయ్యి వదిలేసింది. "మొండిముళ్ళు వెయ్యమన్నాను కదా!"

ముడితాత తన రెండు అరచేతుల వంకా చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. "వేశాననే అనుకున్నానమ్మా," అన్నాడు. 

ఆఫీసరు దగ్గరికి వచ్చి ఒక వాసం ఎత్తి చూశాడు. ఇంకోటి చూశాడు. తలుపు మీద వేళ్ళతో తట్టాడు. "ఏదీ విరగలేదు. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి," అన్నాడు. ఎంతో ఓపికగా, తక్కువ మార్కులొచ్చిన పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "దీన్ని కూల్చివేత అనలేమమ్మా. తొలగింపు అంటాం. తొలగింపుకి గది రాదు. పైగా ఇక్కడ కట్టమని మిమ్మల్నెవరూ అడగలేదు కదా, మీ ఇష్టపూర్వకంగానే కట్టారు."

మళ్ళీ అదే మాట.

కోడలికి తల దిమ్మెత్తింది. యంత్రం పక్కన గునపం ఒకటి ఆనించి ఉంది. దాన్ని రెండు చేతులా అందుకుంది. "విరగాలి, అంతేనా? విరిగితే ఇస్తారా?" అంటూ తలుపు మీద నిలబడి గునపం తలపైకి ఎత్తింది. కొడుకు "ఏయ్" అని ముందుకొచ్చాడు. ముడితాత వాడి భుజం పట్టి ఆపాడు.

"కొట్టనీరా," అన్నాడు. "కొట్టమ్మా. పిల్లకంటే ఎక్కువేం కాదు తలుపు. కొట్టు."

ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉంది. కాళ్ళ కింద తలుపు, దాని మీద ఆయన తండ్రి ఉలి గీతలు, మధ్యలో పిల్ల రోజూ పట్టుకుని నిలబడే చోట నునుపెక్కిన చెక్క. ఎదురుగా ఆఫీసరు చూస్తున్నాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. విరుగుతుందేమోనని ఎదురుచూస్తున్నాడు. విరిగితే రాసుకుంటాడు. రాసుకుని ఏమంటాడు? మీ ఇష్టపూర్వకంగానే విరగ్గొట్టుకున్నారు కదమ్మా అంటాడు. తప్పకుండా అంటాడు. నవ్వుతూనే అంటాడు.

"నేనెందుకు విరగ్గొట్టాలి?" అంది కోడలు. మొదట మెల్లగా, తనతోనే అన్నట్టు. తర్వాత గేటు లోపలున్న గుమాస్తాలందరూ కిటికీల్లోకి వచ్చేంత గట్టిగా. "నేనెందుకు విరగ్గొట్టాలి? నదికే ఇవ్వలేదు ఇది! ఊరంతా మింగిన నదికి ఒక్క పుల్ల ఇవ్వలేదు మా మామయ్య, మీ కాగితానికి ఇవ్వాలా? బాగా బతకడం తెలిసినవాడికి గది లేదు, చూస్తూ చచ్చేవాడికి ఉందా? రేపు నా పిల్ల ఆ రేకుల కింద పడిపోతే అప్పుడొస్తారా, నష్టం జరిగిందని రాసుకోడానికి? అంతకంటే తక్కువైతే మీకు ఆనదా?"

గునపాన్ని అవతలికి విసిరేసింది. అది రోడ్డు మీద ఖంగున మోగి దొర్లింది.

"మాటిమాటికీ ఇష్టం అంటారుగా సార్. వచ్చింది మా ఇష్టం, కట్టింది మా ఇష్టం. సరే. ఇక్కడే ఉంటాం. ఇదీ మా ఇష్టమే, రాసుకోండి. గదిచ్చేదాకా ఇదే మా ఇల్లు." ఆమె వెనక్కి తిరిగింది. "మామయ్యా, అలా చూస్తారేంటి? దూలం ఎత్తండి."

ముడితాత కళ్ళు తుడుచుకోలేదు. వంగి తాడు అందుకున్నాడు. "ఒరేయ్, ఆ రాట నిలబెట్టు," అన్నాడు కొడుకుతో. "అమ్మాయ్, నువ్వు వాసం అటు పట్టు. అటు కాదు, ఇటు. ఇన్నేళ్ళొచ్చినా వాసం పట్టడం రాదు ఈ పిల్లకి."

యంత్రం నడిపేవాడు రెండోసారి పడగొట్టాడు. అది మళ్ళీ నెమ్మదిగా పడుకుంది. వీళ్ళు మళ్ళీ రాటలు లేపారు. వాడు మూడోసారి ఇనుప చెయ్యి ఎత్తి, సగంలో ఆపి, ఇంజను కట్టేసి దిగాడు. కాపలావాడి దగ్గర నీళ్ళు తాగి, ముడితాతని అడిగాడు.

"ఎన్నిసార్లు కడతావు తాతా?"

"నువ్వెన్నిసార్లు పడగొడతావో చెప్పు బాబూ, దాన్ని బట్టి తాళ్ళు పేనుకుంటాను."

"డీజిలు అయిపోయింది," అన్నాడు వాడు ఆఫీసరుతో. యంత్రం ఇంజను ఇంకా వెచ్చగా ఉంది, డీజిలు వాసన గుప్పుమంటోంది. "రేపొస్తా సార్."

"రేపు రానివ్వండి," అంది కోడలు. "రేపు కూడా ఉంటాం."

సాయంత్రం ఆఫీసు వదిలారు. ఇల్లు అప్పటికి పూర్తిగా లేవలేదు. రాటలు నిలబడ్డాయి, కప్పు ఎక్కింది, ద్వారబంధం ఈసారి ఆఫీసు గేటు వైపుకి తిప్పి నిలబెట్టి తలుపు బిగించారు. తడికలే ఇంకా కట్టాలి. మూడు వైపులా గాలి ధారాళంగా వస్తోంది. కప్పు నీడలో, చాప మీద, పసిది చాలా రోజుల తర్వాత ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. పిన్ని పక్కనే కూర్చుని విసురుతోంది. తన మేడకి వెళ్ళే ఆలోచన ఉన్నట్టు కనిపించలేదు.

ఆఫీసరు సంచి భుజానికి తగిలించుకుని బయటికొచ్చాడు. కారు ఇంటి అవతల ఉంది, మధ్యలో దారి మొత్తం ఇల్లే. ఇంటికింకా గోడలు లేవు కాబట్టి ఎటు నుంచి కావాలంటే అటు నుంచి నడిచిపోవచ్చు. తడిక లేని చోటునుంచి లోపలికి అడుగు వెయ్యబోయాడు.

"సార్," అంది కోడలు. ఆమె గడప లోపల కూర్చుని తాడు పేనుతోంది. తల ఎత్తలేదు. "తలుపు కొట్టి రావాలని తెలీదా?"

ఆయన ఆగాడు. గేటు దగ్గర కాపలావాడూ, కిటికీల్లో గుమాస్తాలూ, వాసాల మీద కూర్చున్న ముడితాతా, అందరూ అటే చూస్తున్నారు. ఆయన ఒకసారి కారు వైపు చూశాడు, ఒకసారి మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. ఎత్తిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

పక్కకి జరిగి తలుపు ముందుకొచ్చి నిలబడ్డాడు. చెయ్యి పైకి లేచి కాసేపు గాల్లోనే ఆగిపోయింది.

కోడలు తాడు పేనుతూనే ఉంది. ఆమెకి తొందరేం లేదు.